రేగడికుంట చేపది ఏ కుటుంబం?

కరోనా తగ్గి కాలేజీలు పూర్తిగా తెరుచుకున్న ఏడాది అది. గోదావరిఖని డిగ్రీ కాలేజీలో నేను జువాలజీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికే చాలా ఏళ్లయింది. మా ల్యాబ్ కిటికీలోంచి చూస్తే కాలేజీ ప్రహరీ, దాని అవతల బొగ్గు లారీలు తిరిగే రోడ్డు కనిపిస్తాయి. ఎన్నిసార్లు తుడిచినా బల్లల మీద సన్నటి నల్లపొడి పేరుకుంటుంది. ఆ పొడి మైక్రోస్కోపు అద్దాల మీద పడకుండా కాపాడుకోవడానికే నా ఉద్యోగంలో సగం కాలం గడిచిందని తోటి లెక్చరర్లతో అంటుంటాను.

నేను చదువుకున్నది టాక్సానమీ. జీవుల్ని ఒకదానితో ఒకటి పోల్చి, ఏది ఏ జాతికి, ఏ కుటుంబానికి చెందుతుందో తేల్చే శాస్త్రం అది. అందులోనూ నా పరిశోధన వేలెడంత కూడా ఉండని మంచినీటి చేపల మీద. మంథనిలో మా నాన్న బడిపంతులు. తినడానికి కూడా పనికిరాని చేపల మీద ఇంత చదువు ఎందుకని ఆయన ఉన్నన్నాళ్లూ అడుగుతూనే ఉన్నారు. ఆయనకు సరైన జవాబు నేనెప్పుడూ చెప్పలేకపోయాను. చెప్పగలిగే సందర్భం వచ్చేసరికి ఆయన లేరు.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం, ఫస్టు షిఫ్టు దిగి డ్యూటీ బట్టల్లోనే ఒకాయన ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. పేరు సమ్మయ్య. ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచి మట్టి తవ్వుకుంటూ పోయి బొగ్గు తీసే గనిలో, డంపర్ నడుపుతాడు. చేతిలో మంచినీళ్ల సీసా, అందులో ఒక చేప. నడిమివేలంత పొడవు. నీలం పొలుసులు, ఒక్కొక్క పొలుసుకు ఎర్రటి అంచు, నిప్పులాంటి తోక. మా ప్రాంతంలో ఇలాంటి చేపను నేను అంతవరకు చూడలేదు.

"మేడం, గీ చేప ఏ పుస్తకంల లేదట. మా ఊరి కుంటల పుట్టింది. మీరు చూసి చెప్పాలె," అన్నాడు.

పుస్తకాల్లో లేదని ఆయనకు చెప్పింది ఫోనులో వార్తలు పెట్టే ఒక కుర్ర విలేకరి. ప్రపంచంలో ఎక్కడా లేని చేప కమాన్‌పూర్ మండలంలో దొరికిందని అప్పటికే వీడియో పెట్టేశాడు. కొత్త చేప అని తేలితే దానికి ఊరి పేరు పెడతారని కూడా సమ్మయ్యతో అన్నాడట. సమ్మయ్య మనసులో నాటుకున్నది ఆ మాటే.

ఆయన ఊరు వాయిలపల్లె. గని విస్తరణలో పోతున్న ఊరు. కొలతలు అయిపోయాయి, సగం కుటుంబాలు పెద్ద రోడ్డు పక్కన కట్టిన కొత్త కాలనీకి వెళ్లిపోయాయి. మిగిలినవాళ్లు ఏడాదో రెండేళ్లో అన్నట్టుగా ఉన్నారు. సమ్మయ్యకు గని మీద కోపం లేదు. ఆయన బతుకు గడిచింది దాని మీదే. బాధల్లా ఒక్కటే.

"కాలనీకి నంబర్ ఉన్నది మేడం, పేరు లేదు. మా మనవలకు వాయిలపల్లె అంటే ఎర్కనే ఉండది. గీ చేపకన్న మా ఊరి పేరు ఉంటే, ఎక్కడో ఒక్కకాడ ఉన్నట్టే గదా."

సీసాను వెలుతురుకు పెట్టి చూస్తూ ఉన్న నాకు అప్పుడే లోపల ఒక అనుమానం మొదలైంది. చేప వీపు మీది రెక్క, అంటే డార్సల్ ఫిన్, నేను ఊహించిన చోట లేదు. కానీ అనుమానం మీద నోరు జారడం నా వృత్తిలో పెద్ద తప్పు. ఒక్క చేపను చూసి ఏమీ చెప్పలేనని, ఆడవీ మగవీ, చిన్నవీ పెద్దవీ కావాలని, అన్నిటికంటే ముందు ఆ కుంటను చూడాలని చెప్పాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆదివారం నా స్కూటీ మీద కమాన్‌పూర్ దాటి వాయిలపల్లె వెళ్లాను. ఊళ్లో సగం ఇళ్లకు దర్వాజాలు లేవు. కాలనీకి పోయినవాళ్లు కొత్త ఇళ్లకు పెట్టుకుందామని టేకు చౌకట్లు ఊడదీసుకుని వెళ్లారు. సమ్మయ్య తల్లి రాజవ్వ మాత్రం మక్కలు ఇంటికి రానిదే కదలనని కూర్చుంది. నన్ను కూర్చోబెట్టి కంకులు కాల్చి పెట్టింది. కొడుకు చేప గురించి ఆమెకు పెద్దగా పట్టింపు లేదు. నాకు పెళ్లయిందా, పిల్లలెంతమంది, జీతం టైముకు వస్తున్నదా అన్నవే ఆమెకు కావలసిన సంగతులు.

ఊరి వెనక పత్తిచేల మధ్య ఉంది రేగడికుంట. వానాకాలంలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలం రాకముందే ఎండిపోయి నేల నోళ్లు తెరుస్తుంది. అడుగున జిగటగా నల్లరేగడి. సమ్మయ్య వల వేశాడు. పరకలు, చిన్న జెల్లలు, ఒక కొర్రమట్ట పిల్ల వచ్చాయి. వాటితోపాటు రంగు చేపలూ వచ్చాయి. మగవి మెరిసిపోతున్నాయి, ఆడవి బూడిదరంగులో ఏ గుర్తూ లేకుండా ఉన్నాయి. ఇంకొక చిన్న చేప కూడా పడింది. నుదుటి మీద వెండి బొట్టు పెట్టినట్టుంటుంది. రాజవ్వ దాన్ని బొట్టుచేప అంటుంది. వాన పడ్డప్పుడు ఒర్రెలోంచి, అంటే పక్కనున్న చిన్న వాగులోంచి, ఎక్కివచ్చి కుంటలో చేరుతుందని చెప్పింది.

ఆ బొట్టుచేప నాకు బాగా తెలిసినదే. మన దేశపు చేప. కుటుంబం ఆప్లోకైలిడే. నా అనుమానం తీరాలంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. రెండు రకాలనూ వేర్వేరు డబ్బాల్లో తెచ్చుకున్నాను.

పాఠకుల కోసం ఇక్కడ కొంచెం వివరించాలి. ఈ తరహా చిన్న చేపల్ని ఇంగ్లిషులో కిల్లీఫిష్ అంటారు. ఒకప్పుడు ఆసియాలోని బొట్టుచేపల్నీ, ఆఫ్రికాలోని రంగుల కిల్లీఫిష్‌నూ కలిపి ఒకే కుటుంబంలో ఉంచేవారు. పైపైన చూస్తే పోలికలు అలాగే ఉంటాయి. తర్వాత ఎముకలు చూసినవాళ్లు ఆఫ్రికావి కాస్త వేరని, ఉపకుటుంబంగా పెట్టాలని అన్నారు. డీఎన్ఏ చూడటం మొదలయ్యాక ఆ తేడా ఇంకా బలపడింది. ఇప్పుడు ఆఫ్రికావాటిది ప్రత్యేకమైన కుటుంబం, నోథోబ్రాంకియిడే. ఆ కుటుంబంలో లోపలి గుంపుల్ని ఎలా విడదీయాలన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కాబట్టి ఒక చేపను చూసి ఇది ఫలానా కుటుంబం అని చెప్పడమంటే రంగు చూసి చెప్పడం కాదు. రెక్కల్లోని పుల్లలు లెక్కపెట్టాలి, రెక్క ఎక్కడ మొదలవుతుందో చూడాలి, ఎముకల దాకా వెళ్లాలి.

బొట్టుచేపకు వీపు రెక్క చిన్నది, బాగా వెనక్కి, తోక దగ్గరికి జరిగి ఉంటుంది. రేగడికుంట రంగు చేపకు ఆ రెక్క వెడల్పుగా ఉంది, పొట్ట వెనకున్న కింది రెక్కకు దాదాపు ఎదురుగా మొదలవుతోంది. పుల్లలు కూడా చాలా ఎక్కువ. నాకు మొదటిరోజే వచ్చిన అనుమానం అక్కడే దాదాపు రుజువైంది. అయినా ఎముకలు చూడాలనుకున్నాను. దానికి క్లియర్ అండ్ స్టెయిన్ అనే పద్ధతి ఉంది. చేప కండను రసాయనాలతో గాజులా మార్చి, ఎముకకు ఎరుపు, మెత్తటి ఎముకకు నీలం రంగు ఎక్కిస్తారు. వారాల తరబడి ఓపిక పట్టాలి. అదే సమయంలో చిన్న రెక్కముక్క ఒకటి ఒక మ్యూజియంలో పనిచేసే స్నేహితురాలికి డీఎన్ఏ పరీక్షకు పంపాను.

ఆ వారాలు తేలిగ్గా గడవలేదు. వీడియో ఊరూరా తిరిగింది. మా ప్రిన్సిపాల్ గారు స్టాఫ్ మీటింగులో నన్ను అభినందించారు. కాలేజీకి మంచి పేరు వస్తుందని, త్వరగా ప్రకటిస్తే బాగుంటుందని అన్నారు. పరీక్షలు పూర్తికాలేదని నిలబడి చెప్పాను. నా మాట ఆయనకు వినయంగా అనిపించింది తప్ప హెచ్చరికలా అనిపించలేదు.

ఈలోగా చౌరస్తా దగ్గరున్న అక్వేరియం షాపుకు వెళ్లి ఫొటో చూపించాను. ఈ రకం తాను అమ్మనని షాపాయన అన్నాడు. కానీ బొగ్గు కంపెనీ క్వార్టర్లలో ఉండే ఒక ఉద్యోగికి వీటి పిచ్చి ఉండేదట. తడి కొబ్బరిపొట్టులో పెట్టిన గుడ్లను కొరియర్‌లో తెప్పించుకునేవాడు. బదిలీ అయి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు తొట్లు ఏం చేశాడో తనకు తెలియదన్నాడు. ఆ మనిషి ఎవరో, కుంటలో పోసింది ఆయనేనో కాదో నేను ఇప్పటికీ చెప్పలేను.

డీఎన్ఏ ఫలితం, ఎర్రటి ఎముకల చేప రెండూ ఒకే వారంలో చేతికొచ్చాయి. రెండూ ఒకే మాట చెప్పాయి. నోథోబ్రాంకియిడే కుటుంబం, నోథోబ్రాంకియస్ ప్రజాతి, ఆఫ్రికా తూర్పు భాగంలో ఎప్పటినుంచో తెలిసిన చేప. కొత్తది కాదు. మనది అంతకన్నా కాదు.

సమ్మయ్యను పిలిపించాను. ఫోనులో చెప్పకూడదనిపించింది. మైక్రోస్కోపు కింద రెండు చేపల్ని పక్కపక్కన పెట్టి, ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్క తేడా చూపించాను. ఆయన చాలాసేపు కళ్లు తీయకుండా చూశాడు. ఇవి ఒకప్పుడు ఒకే కుటుంబమని అనుకున్నారని, తర్వాత వేరు చేశారని చెప్పాను.

"అంటే పాలోళ్లే. ఎన్నడో వేరువడ్డరు," అన్నాడు.

"ఔనన్నా. వేరుపడి ఎన్ని యుగాలైందో. బొట్టుచేప మనది. ఇది ఆఫ్రికాది. ఎవరో తెచ్చి మీ కుంటల వదిలిన్రు."

ఆయన ముఖంలో రంగు మారింది. తర్వాత గొంతు తగ్గించి, "మీరు రాయకపోతే ఎవలకు తెలుస్తది మేడం? గీడ గింత సదువుకున్నోళ్లు మీరొక్కరే ఉంటిరి," అన్నాడు.

ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఆయన నన్ను మోసం చేయమని అడగడం లేదు, ఊరిని బతికించమని అడుగుతున్నాడు. కానీ ఒప్పుకునే మాట కాదు. జూనియర్ సినానిమ్ అంటే ఏమిటో చెప్పాను. ఒకసారి పేరు పెట్టిన చేపకు ఎవరైనా తెలియక మళ్లీ పేరు పెడితే, ఆ రెండో పేరును శాస్త్రం కొట్టేస్తుంది. కానీ చెరిపేయదు. కొట్టేసిన పేరుగా చేపల పుస్తకాల్లో ఎప్పటికీ ఉంచుతుంది.

"పేరు పెట్టిన ఏడాదిలోపే ఆఫ్రికా చేపల మీద పనిచేసేటోళ్లు పట్టుకుంటరు అన్నా. అప్పుడు వాయిలపల్లె పేరు పుస్తకంల ఉంటది. తప్పుల కింద ఉంటది. మీ ఊరి పేరును ఆడ పెట్టడం నాతోని కాదు."

సమ్మయ్య లేచాడు. మొదటిరోజు తెచ్చిన సీసా తీసుకోకుండానే వెళ్లిపోయాడు. నేను విలేకరిని పిలిచి విషయం చెప్పాను. ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా ఇచ్చాను. వీడియో తీసేశారు. వాయిలపల్లె నుంచి మాత్రం చాలాకాలం ఎవరూ రాలేదు. కాలేజీ గేటు దగ్గర ఒకసారి సమ్మయ్య కనిపించాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

ఎండలు ముదిరాక వాయిలపల్లె నుంచి వచ్చే ఒక విద్యార్థిని క్లాసులో మాటల మధ్య ఒక సంగతి చెప్పింది. ఊరు ఎలాగూ పోతోంది కాబట్టి రేగడికుంట పూడిక మట్టిని ఊరివాళ్లు ట్రాక్టర్లలో తీసుకుపోతున్నారట. నల్లమట్టి పొలానికి బలం. చుట్టాలున్న ఊళ్లకు కూడా తోలుతున్నారట. నేను ఆ రోజు మిగతా పాఠం ఎలా చెప్పానో నాకే తెలియదు.

నా భయానికి కారణం ఆ చేపల గుడ్లు. ఈ ఆఫ్రికా చేపలు ఎండిపోయే కుంటల్లోనే బతుకుతాయి. నీళ్లు ఇంకిపోతే చేపలు చచ్చిపోతాయి, గుడ్లు మాత్రం మట్టిలో నెలల తరబడి నిద్రపోతాయి. ఈ నిద్రను డయాపాజ్ అంటారు. మళ్లీ వాన పడగానే పిల్లలు బయటికి వస్తాయి. మన బొట్టుచేప గుడ్లకు ఆ శక్తి లేదు, ఏటా ఒర్రెలోంచి రావాల్సిందే. ఆ పూడిక మట్టి వరిమళ్లలో పడితే, నీళ్లు పెట్టగానే ప్రతి మడీ ఒక కుంట అవుతుంది. అక్కడి నుంచి కాలువలు, చెరువులు.

వెళ్లేసరికి కుంటలో ట్రాక్టర్ నిలబడి ఉంది. సమ్మయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ఆయనకు వీక్లీ ఆఫ్. నేను చెప్పింది విని, "మీరే అంటిరి అది ఈడిది కాదని. గిప్పుడు ఎండిపోయిన మట్టిల చేపలున్నయంటున్నరు. ఏది నమ్మాలె?" అన్నాడు. ఆ మాటలో ఎకసెక్కం ఉంది. అయినా వినడానికి సిద్ధంగా ఉన్నాడని కూడా నాకు అర్థమైంది.

మాటలతో అయ్యే పని కాదు. కుంట మధ్యలోంచి పలుగుతో మట్టిపెళ్లలు తీయించి, రాజవ్వ ఇంటి వాకిట్లో ఒక ప్లాస్టిక్ టబ్బులో వేయించాను. బావినీళ్లు పోశాను. మట్టి కరిగి నల్లటి బురద అయింది. రేపు పొద్దున వస్తానని, అంతవరకు ఒక్క ట్రాక్టరూ కదలనివ్వొద్దని సమ్మయ్యను బతిమాలాను. రాజవ్వ టబ్బు మీద జల్లెడ బోర్లించి, కోళ్లు రాకుండా పక్కన మంచం వేసుకుంటానంది.

మరునాడు నేను వెళ్లేసరికి వాకిట్లో చాలామంది ఉన్నారు. నీళ్లు తేరుకున్నాయి. పైన వెంట్రుక ముక్కల్లాంటివి, కళ్లు మాత్రమే కనిపించే పిల్లలు, ఎగురుతున్నట్టు కదులుతున్నాయి. సమ్మయ్య టబ్బు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"మట్టిలకెల్లి పుట్టినయి గదా మేడం. మా కండ్ల ముంగట పుట్టినయి. మరి మా మట్టి బిడ్డలు కావా ఇవి?"

అంత కష్టమైన ప్రశ్న ఏ పరీక్షలోనూ నన్ను ఎవరూ అడగలేదు. టబ్బు దగ్గర నేనూ కూర్చున్నాను.

"మట్టి మీదే అన్నా. గుడ్డు మీది కాదు. ఇవి పక్క చెరువులకు పోతే అక్కడి చేపలను ఏం చేస్తయో నాకు తెల్వదు. ఏమీ చెయ్యకపోవచ్చు, ఒక్కటి మిగలకుండ తినెయ్యనూ వచ్చు. తెల్వకుండనే పది ఊర్లకు పంపొద్దు అంటున్న."

దానికి జవాబు చెప్పింది రాజవ్వ. మంచం మీదనే కూర్చుని, అందరికీ వినబడేలా అంది. "మనం పోతున్నం. పోయేటోళ్లం పోకుండ, పక్కూరోళ్ల చెర్లల గిది ఏసి పోవుడెందుకు? రేపు వాయిలపల్లోళ్లు చేసిన పని అంటరు. గట్ల పేరు రావద్దు."

ఆ మాట సమ్మయ్యను లేపి నిలబెట్టింది. ఆ రోజు నుంచి ఆ పని ఆయనదైపోయింది. ఊరివాళ్లతో కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. మట్టిని పూర్తిగా ఆపితే ఎవరూ వినరు. కాబట్టి మట్టి మెట్ట చేలకే, పత్తికీ కందికీ పోవాలి. నీళ్లు నిలబడని చోట గుడ్లు పగిలినా పిల్లలు బతకవు. వరిమడికి మాత్రం ఒక్క తట్ట కూడా పోకూడదు. సమ్మయ్య షిఫ్టు దిగి నేరుగా కుంటకు వచ్చేవాడు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు రాజవ్వ గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చునేది. ప్రతి ట్రాక్టరునూ ఆపి ఎక్కడికి, ఏ చేనుకు అని అడిగేవాళ్లు. కొందరు విసుక్కున్నారు. ఒకరిద్దరు తిట్టారు కూడా. ఇద్దరూ కదల్లేదు.

చిక్కు ఆయన సొంత ఇంట్లోనే వచ్చింది. నేను చెప్పకముందే ఆయన బావ లచ్చయ్య కొన్ని ట్రిప్పుల మట్టిని పక్క ఊళ్లో తన వరిమడికి తోలుకుని చల్లేశాడు. సమ్మయ్య, నేను కలిసి వెళ్లాం. ఈ ఒక్క పంటకారు ఆ మడికి నీళ్లు కట్టొద్దని, వరికి బదులు మక్క వేయమని సమ్మయ్య అడిగాడు.

లచ్చయ్య నా వైపు చూసి, "నా పొలంల ఏం వెయ్యాల్నో గీ మేడం చెప్తదా?" అన్నాడు.

"మేడం చెప్తలేదు బావా. నేను అడుగుతున్న. ఇన్నేండ్లల్ల నిన్ను ఏమన్న అడిగిన్నా?"

లచ్చయ్య చాలాసేపు బీడీ కాల్చుకుంటూ కూర్చున్నాడు. ఒప్పుకున్నట్టు చెప్పలేదు. కానీ తొలకరికి మడిలో మక్క విత్తనాలే పడ్డాయి. పల్లంగా ఉన్న ఒక మూల వాననీళ్లు నిలిచి, అందులో ఆ పిల్లలు కనిపించాయి కూడా. సమ్మయ్య, లచ్చయ్య ఇద్దరూ పాత చీరను వలలా పట్టి నీళ్లు జల్లించారు. తర్వాత గండి కొట్టి మూల మొత్తం ఆరబెట్టారు. పని అయ్యాక, వరి పెట్టి ఉంటే ఏమయ్యేదని లచ్చయ్య తనంతట తానే అన్నాడు.

కుంట సంగతి మిగిలింది. వాన పడగానే అందులోనూ పిల్లలు లేచాయి. అవి పెరిగి గుడ్లు పెట్టడానికి కొన్ని వారాలే పడుతుంది. ఆలోపు తీసేయాలి. నా విద్యార్థినులు కొందరు, సమ్మయ్య, ఊళ్లో మిగిలిన ఇద్దరు ముగ్గురు, వారం వారం వల లాగాం. ఆ సమయంలోనే నేను సమ్మయ్యతో ఒక మాట అన్నాను. కుంట వచ్చే ఏడు ఉండదు. ఎలాగూ వల లాగుతున్నాం కదా, ఇందులోని మన చేపలన్నిటినీ ఒక్కటి వదలకుండా పోల్చి రాద్దాం. ఏ చేప, ఏ కుటుంబం, ఏ ఊరు, ఏ కుంట. సర్వే అంటారు దీన్ని. ఇప్పటిదాకా ఈ కుంటను ఎవరూ చూడలేదు, ఇకమీదట చూడటానికి ఉండదు.

తర్వాతి ఆదివారానికి ఆయన సన్నకన్ను వల ఒకటి కొత్తగా అల్లించి తెచ్చాడు. తూము దగ్గర, ఒర్రె కలిసే చోట, తుంగ మొదళ్లలో, నేను వెతకాలని అనుకోని చోట్ల కూడా నన్ను వెంటబెట్టుకుని వెతికాడు. చలికాలం వచ్చేవరకు ఆ పని సాగింది. రంగు చేపలు చివరి వారాల్లో ఒక్కటీ వలలో పడలేదు. ఒక్కటి కూడా మిగల్లేదని ప్రమాణం చేయలేను. అందుకే గని తవ్వేటప్పుడు కుంట అడుగు మట్టిని, తర్వాత మొక్కలు నాటడానికి దాచే పైమట్టి కుప్పలో కలపవద్దని, లోతుగా పూడ్చమని గని పర్యావరణ విభాగానికి రాశాను. వాళ్లు వచ్చి చూసి, అలాగే చేశారు. ఆ తర్వాత ప్రతి వానాకాలం చుట్టుపక్కల కుంటలు తిరిగి చూస్తున్నాను. ఇంతవరకు కనిపించలేదు.

దీని మీద నేను రాసిన పరిశోధన పత్రం అచ్చయింది. ఆఫ్రికా కుటుంబపు చేప మన బొగ్గు ప్రాంతంలో ఎలా కనిపించింది, ఎలా గుర్తించాం, ఎలా తీసేశాం అన్నది ఒక భాగం. వాయిలపల్లె రేగడికుంటలోని మన చేపలు ఏవేవి అన్నది రెండో భాగం. నిజానికి రెండో భాగమే పెద్దది. నమూనాల్లో ఒక వరుస మ్యూజియానికి వెళ్లింది, ఒక వరుస మా ల్యాబ్ అల్మరాలో ఉంది.

ఊరు ఖాళీ అయిన తర్వాత ఒకరోజు తల్లిని దవాఖానకు తీసుకువచ్చిన సమ్మయ్య, తిరిగి వెళ్తూ ఆమెను మా ల్యాబుకు తీసుకువచ్చాడు. రాజవ్వ సీసాలన్నీ చూసి బొట్టుచేప దగ్గర ఆగింది. చేప రంగు పోయిందని, బొట్టు కూడా కనబడటం లేదని నొచ్చుకుంది. లోపల ఉన్న చీటీ మీద ఏం రాసి ఉందని అడిగింది. చదివాను. చేప పేరు, కుటుంబం పేరు, ఆ కింద వాయిలపల్లె గ్రామం, రేగడికుంట.

"రేపు ఎవలన్న పెద్ద సదువులోళ్లు అచ్చి గా పేర్లు మార్చిన్రనుకో, మా ఊరి పేరు తీసేస్తరా?" అని అడిగింది.

"చేప పేరు మార్చొచ్చు అవ్వా. కుటుంబం పేరూ మార్చొచ్చు. గట్ల మార్చినప్పుడు పక్కన ఇంకో చీటీ పెడ్తరు, పాతది తియ్యరు. ఊరి పేరు మాత్రం ఎవరూ ముట్టుకోరు. అది రూలు," అన్నాను.

సమ్మయ్య పక్కకు తిరిగి కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. రాజవ్వ సీసాను తన కొంగుతో తుడిచి అల్మరాలో పెట్టింది.

నేను చదువుకున్న రోజుల్లో టాక్సానమీ అంటే పేర్లు పెట్టే విద్య అనుకునేదాన్ని. ఈ కేసు తర్వాత అలా అనుకోవడం మానేశాను. కుటుంబాలు విడిపోతాయి, కలుస్తాయి, నేను ఈ రోజు రాసిన పేరును ఇంకో ఇరవై ఏళ్లకు ఇంకొకరు సరిదిద్దుతారు. సరిదిద్దాలి కూడా. వాళ్లకు ఆ పని సాధ్యమయ్యేది, ఆ చేప ఎక్కడిదో నేను నిజం రాసి ఉంచితేనే. అందుకే ఇప్పుడు మా విద్యార్థులకు ల్యాబులో మొదటి రోజు చెప్పే మాట ఇది. చీటీ మీద ముందు ఊరు రాయండి. చేప పేరు తర్వాత చూద్దాం.